కాఫీ కలగలుపు: నాలుక తీర్పు

(ఎస్. రాయవరంలో జరిగిన మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా పింఛను సవరణ గురించి, కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను కాఫీ గురించి మాట్లాడమన్నారు. మొదట హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. కిందటి వర్షాకాలంలో ఇదే హాల్లో ఒక గ్లాసు కాఫీ వల్ల ఇద్దరు పెద్దమనుషులు మాటలు మానుకున్నారు. ఒకరు పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ గొడవ తేల్చే పని నా మీద పెట్టారు. చింతపల్లి వైపు కాఫీ తోటల మధ్య కొన్నేళ్లు ఉద్యోగం చేశాను గనుక నాకు కాఫీ తెలుసునని వారి నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఏమైందో చెప్పడమే ఈనాటి ప్రసంగం. ఆ ఇద్దరు పెద్దలూ ఇక్కడే ఉన్నారు. వారి అనుమతి తీసుకునే మాట్లాడుతున్నాను.

సంగతి ఇది. నెలవారీ సమావేశానికి మనం కాఫీ ఇస్తున్నాం. దానికి సభ్యుల చందాలోంచి ఒక మొత్తం కేటాయించి ఉంది. 2024లో బ్రెజిల్‌లో వానలు లేక, వియత్నాంలోనూ కరువు వచ్చి ప్రపంచమంతటా కాఫీ ధర పెరిగింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా గింజ పౌను నాలుగు డాలర్లు దాటింది. ఏడాది కిందటి ధరకు రెట్టింపు పైమాటే. ఎక్కడో బ్రెజిల్‌లో వాన కురవకపోతే ఎస్. రాయవరంలో మన గ్లాసు చిన్నదవుతుందన్నమాట. మన కోశాధికారిగారు గ్లాసు చిన్నది చేయలేదు. పొడి మార్చారు. అంతవరకు 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ కలిసిన పొడి తెచ్చేవారు, దాని స్థానంలో 60-40 పొడి తెచ్చారు. ఆ మాట ఖర్చుల పుస్తకంలో తేదీతో సహా రాశారు. తపాలా శాఖలో లెక్కలు చూసిన మనిషి, దాచే అలవాటు లేదు. అయితే నోటితో ఎవరికీ చెప్పలేదు, పుస్తకం ఎవరూ తెరవలేదు.

మూడో నెల సమావేశంలో మన మాస్టారు ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, "ఏం బాబూ, కాఫీ అని చెప్పి చింతపిక్కల కషాయం పోస్తున్నావా? మిగిలిన డబ్బు ఎటు వెళ్తోంది?" అన్నారు. కోశాధికారిగారు "మాస్టారూ, పుస్తకం చూసి మాట్లాడండి" అన్నారు. "పుస్తకం ఎందుకయ్యా, నా నాలుక చాలదా?" అన్నారాయన. పక్కనే కూర్చున్న నేను ఒక గుక్క తాగి, తల పంకించి, "అవునండీ, ఇది మంచి పొడి కాదు" అన్నాను. నా మాటతో అనుమానానికి సాక్ష్యం దొరికినట్లయింది. మర్నాడు రాజీనామా కాగితం వచ్చింది.

కాఫీ బాగా లేదనడం వేరు, డబ్బు తిన్నాడనడం వేరు. మొదటిది రుచి, రెండోది ఒక మనిషి పరువు. ముప్పై ఏళ్లు ఇతరుల మనీయార్డర్లు పైసా తేడా లేకుండా పంచిన మనిషిని ఒక గుక్క కాఫీతో దొంగను చేశాం. ఆ "మనం"లో నేనున్నాను. అందుకే ఈ పని ఒప్పుకున్నాను.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. కలగలుపు వేరు, కల్తీ వేరు. చికోరీ అనగానే చాలామంది మోసం అనుకుంటారు. చికోరీ ఒక మొక్క. చేమంతి కుటుంబానికి చెందింది, నీలం పూలు పూస్తుంది. దాని వేరు ముల్లంగిలా లావుగా ఊరుతుంది. ఆ దుంపను ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్‌లోనూ ఉత్తర ప్రదేశ్‌లోనూ పండిస్తారు. 1806లో నెపోలియన్ ఇంగ్లండ్ సరుకు ఐరోపాలోకి రాకుండా కట్టడి చేసినప్పుడు కాఫీ దొరక్క ఫ్రెంచివారు చికోరీకి బాగా అలవాటు పడ్డారు. లేమిలో పుట్టిన అలవాటు తర్వాత రుచిగా మిగిలిపోయింది. మన దక్షిణాది ఫిల్టర్ కాఫీ సంగతీ అంతే. ఆ నల్లటి రంగు, ఆ చిక్కదనం, గ్లాసు అడుగున మిగిలే ఆ కమ్మటి చేదు, వీటిలో చికోరీ వాటా చాలా ఉంది. వేయించిన కాఫీ పొడిలో నీటిలో కరిగేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. చికోరీలో రెండు వంతులకు మించి కరుగుతుంది. అందుకే డికాక్షన్ చిక్కగా దిగుతుంది. చికోరీలో కెఫీన్ లేదు. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చునే మన వయసువారికి అదొక లాభమే.

ప్రభుత్వం వారి ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో బరువులో కనీసం 51 శాతం కాఫీ ఉండాలి. ఎంత కాఫీ, ఎంత చికోరీ అన్నది పొట్లం మీద రాయాలి. రాసి కలిపితే కలగలుపు. రాయకుండా కలిపితేనో, చింతపిక్కల పొడి, ఖర్జూరపు గింజల పొడి కలిపితేనో కల్తీ. ఇడ్లీలో మినప్పప్పు ఎంత, రవ్వ ఎంత అని మన ఇళ్లలో ఎవరి పాళ్లు వారికున్నాయి. రవ్వ ఎక్కువైతే ఇడ్లీ గట్టిపడుతుందంటాం గాని రవ్వ కలపడమే దగా అనం. ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే ప్రాంతపు ఎర్ర ద్రాక్షసారా ప్రపంచ ప్రసిద్ధం. అదీ కలగలుపే. కాబర్నే సావినియాన్, మెర్లో మొదలైన ద్రాక్ష రకాలను వేరువేరుగా పులియబెట్టి, రుచి చూస్తూ పాళ్లు కలుపుతారు. ఒకటి వగరు ఇస్తుంది, మరొకటి మెత్తదనం ఇస్తుంది. ఆ పాళ్లు కుదర్చడమే అక్కడి పెద్దల పనితనం.

మా పరీక్షలో మొదటిది గాజు గ్లాసు పరీక్ష. ఇది మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. గ్లాసు నిండా చల్లటి నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లండి. కలపకండి. కాఫీ పొడి కొంతసేపు పైన తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే గోధుమ రంగు చారలు వదులుతూ కిందికి దిగుతుంది. కోశాధికారిగారి పొడి చల్లాం. చారలు దిగాయి. మాస్టారు "చూశారా!" అన్నారు. పాత 80-20 పొడి చల్లాం. దాంట్లోనూ దిగాయి, కాస్త తక్కువగా. చికోరీ ఉందని పొట్లం మీదే రాసి ఉంది గదా, ఇక చూడడానికేముంది? చింతపిక్కల సంగతి తేల్చడానికి రెండో పరీక్ష చేశాం. అద్దుడు కాగితం మీద పొడి చల్లి, చాకలి సోడా పలుచగా కలిపిన నీళ్లు చిలకరించాం. చింతపిక్కలుంటే కాగితం మీద ఎర్రటి మరక రావాలి. రాలేదు. దాంతో డబ్బు మాట సగం తీరిపోయింది. అయితే మాస్టారు ఒప్పుకోలేదు. "కల్తీ లేకపోవచ్చు. కానీ నాలుకకు అబద్ధం తెలియదు. మంచి పొడికీ చవక పొడికీ తేడా కళ్లు మూసుకుని చెప్తాను" అన్నారు. సరే, కళ్లు మూద్దాం అన్నాను. నేనూ చెప్పగలననే ధీమా నాకుంది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1920ల నాటి సంగతి. ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. కప్పులో ముందు పాలు పోశారా, ముందు టీ పోశారా అన్నది తాగి చెప్పగలనన్నారావిడ. అందరూ నవ్వారు. ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త నవ్వి ఊరుకోకుండా ఒక పద్ధతి కట్టాడు. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరస కలిపేసి ఇవ్వాలి. ఏ నాలుగు ఏవో ఆవిడ చెప్పాలి. ఊరికే గుడ్డిగా చెప్తే అన్నీ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒకటి మాత్రమే. 1935లో వచ్చిన ఫిషర్ గ్రంథంలో ఈ టీ కప్పుల పరీక్షే ముఖ్యమైన ఉదాహరణ. మన విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి ఈ ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పొందారు. ప్రపంచం మెచ్చిన తెలుగువారు, నూట రెండేళ్లు జీవించి 2023లో కాలం చేశారు. మనం చేసిన పని పెద్ద శాస్త్రమేమీ కాదు గాని, దారి మాత్రం ఆ దారే.

మా పద్ధతి ఇంకా తేలిక. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు. రెండింటిలో ఒకే పొడి, ఒకదాంట్లో వేరే పొడి. వేరేది ఏదో చెప్పాలి. ఇదేమిటో తెలియని మనిషి ఊరికే వేలు చూపించినా మూడుసార్లలో ఒకసారి సరిపోతుంది. కాబట్టి ఒకసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన జబ్బ చరచకూడదు. గ్లాసుల కింద చీటీ అంటించి గుర్తులు వేసింది కార్యదర్శిగారి మనవరాలు. కాఫీ పోసి ఇచ్చిన మనిషికి కూడా ఏది ఏదో తెలియదు. పోసేవాడికి తెలిస్తే వాడి మొహం చెప్పేస్తుంది. మన ఆఫీసుల్లో ఫైలు తెచ్చే అటెండరు మొహం చూసి లోపలి సంగతి గ్రహించినవాళ్లం కదా మనం!

పదకొండు మంది కూర్చున్నాం. మొదటి ఆదివారం పాలూ పంచదారా లేకుండా వట్టి డికాక్షన్ ఇచ్చాం. 80-20, 60-40 పొడులు. పదకొండు మందిలో ఎనిమిది మంది సరిగ్గా చెప్పారు. మాస్టారు చెప్పారు, నేనూ చెప్పాను. మాస్టారు నావైపు చూసి మీసం దువ్వారు. కోశాధికారిగారు ఆ రోజు రాలేదు.

రెండో ఆదివారం మన సమావేశంలో ఇచ్చేలాగే పాలు, పంచదార కలిపి ఇచ్చాం. పదకొండు మందిలో నలుగురే సరిగ్గా చెప్పగలిగారు. కళ్లు మూసుకుని వేలు చూపించినా మూడో నాలుగో సరిపోయేవి. అంటే మనకేమీ తెలియలేదన్నమాట. మాస్టారు తప్పు చెప్పారు, నేనూ తప్పాను. సరిగ్గా చెప్పిన నలుగురిలో ముగ్గురిని మళ్లీ అడిగితే రెండోసారి తప్పారు. మూడుసార్లకు మూడుసార్లూ సరిగ్గా చెప్పింది ఒక్కరే, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మన సోదరి. అదృష్టంతో అలా జరగాలంటే ఇరవై ఏడింటిలో ఒకసారి జరగాలి. ఆవిడది అదృష్టం కాదని నా అభిప్రాయం. ఎలా కనిపెట్టారమ్మా అంటే, "మీరంతా గ్లాసు ఎత్తి తాగేస్తున్నారు. నేను ముందు వాసన చూస్తున్నాను. నలభై ఏళ్లనుంచి పొద్దున్నే డికాక్షన్ దించుతున్నదాన్ని, కూర్చుని తాగేవాళ్లకేం తెలుస్తుంది?" అన్నారు. మేమంతా కూర్చుని తాగినవాళ్లమే.

అదే రోజు ఇంకో ప్రశ్న కూడా అడిగాం. తేడా సంగతి వదిలేయండి, రెండింటిలో మీకు ఏది బాగుంది? ఎక్కువమంది చీటీ మీద రాసింది 60-40 గ్లాసు పేరే. మాస్టారు ఆ గ్లాసు చూపించి "ఇదీ అసలైన కాఫీ" అన్నారు. చీటీ తిప్పి చూపిస్తే కొంతసేపు మాట్లాడలేదు. నేను చూపించిన గ్లాసూ అదే, కాకపోతే నేను పైకి అనలేదు. ఆయన పైకి అన్నారు. పైకి అనే మనిషికున్న నిజాయితీ ఆ పూట నాకు లేదు.

ఇలాంటి భంగపాటు మనకొక్కరికే కాదు. 1976 మే నెలలో పారిస్‌లో స్పరియర్ అనే ద్రాక్షసారా వ్యాపారి ఇలాంటి పరీక్షే పెట్టాడు. న్యాయనిర్ణేతలు తొమ్మిదిమందీ ఫ్రెంచి దేశపు ఉద్దండులు. సీసాల మీది పేర్లు కనపడకుండా ఫ్రెంచి సారాలూ, అమెరికాలోని కాలిఫోర్నియా సారాలూ కలిపి పోశారు. ఎరుపులోనూ తెలుపులోనూ కూడా మొదటి స్థానం కాలిఫోర్నియాకే ఇచ్చారు. తీర్పు తెలిశాక ఒకావిడ తన చీటీ తనకు తిరిగి ఇచ్చేయమని అడిగారట. మాస్టారు చీటీ తిరిగి ఇమ్మని అడగలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఆ రోజు సమావేశంలో కాఫీ నిజంగానే బాగా లేదు. మాస్టారికీ నాకూ కాదు, నలుగురైదుగురికి అలాగే అనిపించింది. పొడి మంచిదే అయినప్పుడు ఆ రుచి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న వేసింది కోశాధికారిగారే. రాజీనామా ఇచ్చిన మనిషి మూడో ఆదివారం తనే వచ్చి కూర్చున్నారు.

ఆరా తీశాం. పొడి డబ్బా వంటగది కిటికీ దగ్గర ఉంటుంది. మూత బిగుతుగా లేదు. పొట్లం తెరిచి మూడు వారాలైంది, అదీ శ్రావణ మాసపు ముసురులో. చికోరీ చెమ్మ పీల్చుకుంటుంది. డబ్బా అడుగున పొడి గడ్డకట్టి ఉంది. చికోరీ ఎక్కువున్న పొడిని ఎక్కువ జాగ్రత్తగా దాచాలని మనకెవరికీ తెలియదు. పైగా సమావేశం పదకొండింటికైతే డికాక్షన్ ఏడింటికే తీసి, గిన్నెతో పొయ్యి మీద పెట్టి మళ్లీ మళ్లీ మరిగించారు. అలా మరిగిన డికాక్షన్ మండుతుంది, మాడు వాసన వేస్తుంది. మూడో ఆదివారం ఒకే 60-40 పొడితో రెండు కాఫీలు పెట్టాం. ఒకటి కొత్త పొట్లం, అప్పుడే దించిన డికాక్షన్. రెండోది పాత డబ్బా, పొద్దుటి డికాక్షన్. పాలూ పంచదారా రెండింట్లోనూ సమానమే. పదకొండు మందికి పదకొండు మందీ తేడా చెప్పారు. నోట్లో పెట్టుకోగానే చెప్పారు. పాళ్ల తేడా మనం పట్టలేకపోయాం గాని పాతదనం తేడా పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. మాస్టారి నాలుక చెప్పింది నిజమే. ఆ రోజు కాఫీ చెడిపోయింది. తప్పల్లా ఎక్కడంటే, ఎందుకు చెడిందో నాలుక చెప్పదు. ఆ మాట మనం కల్పించి చెప్పాం, అదీ మనిషి మీదికి తోసి చెప్పాం.

ఇక చవక పొడిని ఎలా చూడాలి అన్న విషయానికి వస్తాను. చింతపల్లి రోజుల్లో కాఫీ రుచి చూసేవారి పద్ధతి దగ్గరుండి చూశాను. ఎనిమిది గ్రాముల పొడి మీద నూట యాభై మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోస్తారు. మసలే నీళ్లు కావు, మసలడం ఆగాక కాస్త చల్లారిన నీళ్లు. నాలుగు నిమిషాలాగి పైన కట్టిన తెట్టును చెంచాతో చీలుస్తారు. చీల్చే క్షణంలో ముక్కు గ్లాసు దగ్గరే ఉండాలి. ఆ తర్వాత చెంచాతో తీసుకుని పెద్ద చప్పుడుతో జుర్రుతారు. చిన్నప్పుడు అలా జుర్రితే మా అమ్మ నెత్తిమీద మొట్టేది. అక్కడ పెద్ద పెద్ద ఆఫీసర్లు వరసగా నిలబడి జుర్రుతుంటే నాకు నవ్వాగేది కాదు. జుర్రినప్పుడు గాలితో కలిసి వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఆ వాసనే. జలుబు చేసినప్పుడు కాఫీ వేడినీళ్లలా ఉండేది అందుకే.

మన వయసులో ముక్కు మందగిస్తుంది. చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలు కొందరికి నోట్లో ఇనుప రుచి తెస్తాయి. కాబట్టి "ఈ కాలం కాఫీలో ఆ రుచి లేదు" అనే ముందు, ఆ లేనిది గ్లాసులోనా, మన నోట్లోనా అని ఒకసారి అడుగుకోవడం మంచిది. ఇది నన్ను నేను అడుక్కున్న ప్రశ్న.

బాగుంది, బాగా లేదు అని రెండే మాటలతో తీర్పు చెప్పకూడదు. మనకు మాటలకు కరువా? ఇది చేదా, వగరా, పులుపా? చేదైతే కాకరకాయ చేదా, మాడిన బెల్లపు చేదా? వాసన కమరుదా, చెమ్మ పట్టిన బియ్యానికి వచ్చే ముక్క వాసనా? చికోరీ ఎక్కువైతే మాడిన బెల్లపు తీపితో కూడిన చేదు నాలుక మీద జిగురుగా నిలుస్తుంది. రోబస్టా గింజ ఎక్కువైతే కటికచేదు, మట్టి వాసన, కెఫీన్ కూడా అరబికాకు దాదాపు రెట్టింపు. అరబికా అయితే సన్నని పులుపు, మంచి పరిమళం. చవక పొడిలో అరబికా పరిమళం వెతికి, లేదని తిట్టడం అన్యాయం. చవక పొడిని చవక పొడిగానే అడగాలి. మాడు వాసన లేదా? ముక్క వాసన లేదా? పాలు పోస్తే రంగు నిలుస్తోందా? తాగాక నోరు చేదు విషమైపోకుండా ఉందా? ఇవి ఉంటే అది మంచి చవక పొడి. ఇంకొకటి, గ్లాసు సగం చల్లారనిచ్చి ఒక గుక్క తాగండి. వేడి అనేక లోపాలను కప్పేస్తుంది. చల్లారాక కూడా తాగగలిగితే ఆ పొడిని నమ్మవచ్చు.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు పక్కన పుట్టి పెరిగినవాళ్లం, రంగు చూసి మోసపోకూడదని మనకు ఎవరో చెప్పాలా? పసుపుపచ్చగా నిగనిగలాడే దిమ్మ హైడ్రోస్ అనే మందుతో తెల్లబడిందని, నల్ల దిమ్మలో రుచి ఎక్కువని మన ఇళ్లలో ఆడవాళ్లకు తెలుసు. అయినా పెళ్లికి కొనేటప్పుడు పచ్చ దిమ్మే కొంటాం. కాఫీకి డికాక్షన్ నలుపు అలాంటిది. నలుపంతా కాఫీ కాదు.

చింతపల్లి పేరెత్తాను గనుక అక్కడివారి గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మనం నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటీ ఎక్కితే చాలు, తోటలు మొదలవుతాయి. సుమారు మూడు వేల అడుగుల ఎత్తు, సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకు పాకించిన మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. అటవీ శాఖవారు 1960లో ఏజెన్సీలో కాఫీ వేయడం మొదలుపెట్టారు. తర్వాత గిరిజన కుటుంబాలు తమ ఎకరం, రెండెకరాల్లో వేసుకున్నాయి. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లో దాని పేరుతో దుకాణం కూడా వెలిసింది. శీతాకాలంలో ఎర్రబడిన పండు ఏరేటప్పుడు, పచ్చికాయ కలవకుండా ఒక్కొక్క పండునే ఏరాలి. నేను చూసిన ఇళ్లలో ఆ పండు ఏరిన చేతులకు ఆ కాఫీ తాగే అలవాటు లేదు. ఒక ముసలాయన నన్నడిగారు, "బాబూ, మేం పండించేది మీరు ఏం చేసుకుంటారు?" అని. ఫ్లాస్కులో ఉన్నది కాస్త పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "దీనికోసమా ఇంత గొడవ?" అన్నారు. నాకు తెలిసిన కాఫీ తీర్పుల్లో అంత పక్షపాతం లేని తీర్పు మరొకటి లేదు.

ఇప్పుడు ఆచరణ. కార్యవర్గానికి నా సూచనలు ఇవి. 60-40 పొడే కొనసాగించవచ్చు. పెద్ద పొట్లం వద్దు, నెలకు సరిపడా చిన్న పొట్లమే తేవాలి, తెరిచిన తేదీ డబ్బా మీద రాయాలి. బిగుతు మూత డబ్బా ఒకటి కొనాలి, అది ఇక్కడే ఒక సభ్యులు ఇస్తామన్నారు. డికాక్షన్ పదిన్నరకు ముందు తీయకూడదు. మిగిలిన డబ్బుతో పంచదార పడనివారికి విడిగా కాఫీ పెట్టవచ్చు. పొడి మార్చినప్పుడల్లా గోడ మీద బోర్డులో రాయాలి. ఇది కోశాధికారిగారు పెట్టిన షరతు. రాజీనామా వెనక్కి తీసుకోవడానికి ఆయన అడిగింది ఇదొక్కటే. ఆయనకు క్షమాపణ చెప్పాలని మాస్టారు ఇంటికి వెళ్లారు. నేను వెంట వెళ్లాను. "నా నాలుక తప్పు చేసింది బాబూ" అని మాస్టారు అంటే, ఆయన "నాలుక తప్పేం లేదు మాస్టారూ, కాఫీ నిజంగానే బాగోలేదు" అన్నారు. నేను ఆరోజు తల పంకించిన సంగతి కూడా చెప్పుకున్నాను. ఆయన నాకు సమాధానం ఏమీ ఇవ్వలేదు. లోపలికి చూసి, "ముగ్గురికీ కాఫీ" అన్నారు.

ఆ కాఫీ ఏ పొడిదో మేం అడగలేదు.

ప్రసంగం అయ్యాక వెనక బల్ల దగ్గర అ, ఆ అని గుర్తులు వేసిన రెండు రకాల గ్లాసులు ఉంటాయి. ఒకటి ఇప్పుడు వాడుతున్న పొడి, ఒకటి మన ఏజెన్సీ పొడి, చికోరీ లేనిది. వచ్చే ఏడాది పండుగ సమావేశానికి ఏది ఇవ్వాలో మీరే రాయాలి. కోశాధికారిగారు చీటీలు పంచుతారు. కళ్లజోడు తెచ్చుకోనివారు పక్కవారిచేత రాయించుకోవచ్చు గాని, పక్కవారి అభిప్రాయం మాత్రం రాయించకండి. చల్లారేదాకా ఉంచి మరో గుక్క తాగడం మరచిపోకండి. సెలవు.